బాలసుబ్రహ్మణ్యం సంగీత దర్శకత్వం: విన్న బాణీ, కట్టిన బాణీ

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం (బాలు, 1946–2020) నెల్లూరు కుటుంబానికి చెందిన సినీ గాయకుడు, సంగీత దర్శకుడు. పాటల జోరులో మరుగున పడ్డా, ఆయన నలభైకి పైగా సినిమాలకు సంగీతం కూర్చారు. బతుకంతా ఇతరుల బాణీలు పాడినవాడు తానే బాణీ కట్టడానికి కూర్చుంటే అందులో సొంతమెంత, విన్నదెంత అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

ఇంటి సంగీతం

తండ్రి సాంబమూర్తి హరికథకుడు. ఆదిభట్ల నారాయణదాసు వంటి వాగ్గేయకారులను పక్కన పెడితే, హరిదాసులు కొత్త వరుసల కోసం పెద్దగా తాపత్రయపడరు. కీర్తన నుంచో, రంగస్థల పద్యం నుంచో, జనం నోట నలిగిన పాట నుంచో వరుస తీసుకుని కథకు అమర్చుకుంటారు. భజన పుస్తకాల్లో పాట నెత్తిన ‘ఫలానా పాట వరుస’ అని అచ్చువేసే అలవాటూ ఇలాంటిదే. అక్కడ అరువు దాచుకోవాల్సిన విషయం కాదు, పాడేవారికి దారి చూపే గుర్తు.

బాణీలు

1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో తనను గాయకుణ్ణి చేసిన ఎస్.పి. కోదండపాణిని బాలు గురువుగా భావించారు. మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు గురువు పేరే పెట్టారు. దాసరి నారాయణరావు తీసిన ‘కన్యాకుమారి’ (1977)తో బాలు సంగీత దర్శకుడయ్యారు. తర్వాత బాపు ‘తూర్పు వెళ్ళే రైలు’ (1979), జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ (1987) వచ్చాయి. వీటన్నిటిలో ‘మయూరి’ (1985)ది పైచేయి. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుదీ నెల్లూరు జిల్లాయే. నాట్యమే కథ అయిన ఈ సినిమాకు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు పనిచేసి, ఉత్తమ సంగీత దర్శకుడిగా నంది అందుకున్నారు. సాహిత్యం చేతికి వచ్చాకే బాణీ కట్టేవారని పేరున్న కె.వి. మహాదేవన్ దగ్గర ఆయన ఎన్నో పాటలు పాడారు. మాట విరగకుండా స్వరం నడిపే ఆ తీరు ‘మయూరి’లో వినిపిస్తుంది. దాన్ని అనుకరణ అనడం కంటే శిక్షణ అనడం న్యాయం.

ఒక నవ్వు ప్రయాణం

1988లో జంధ్యాల తీసిన ‘వివాహ భోజనంబు’కూ బాలుదే సంగీతం. సినిమాకు ఆ పేరు ‘మాయాబజార్’ (1957)లోని ఘటోత్కచుడి పాట నుంచి వచ్చింది. ఆ పాటకూ పెద్ద వంశవృక్షమే ఉంది. అమెరికాలో నల్లజాతి గాయకుడు జార్జ్ డబ్ల్యు. జాన్సన్ 1890లలో ‘లాఫింగ్ సాంగ్’ రికార్డు చేశాడు. ఇంగ్లండ్‌లో చార్లెస్ పెన్‌రోజ్ దాని ఆధారంగా 1922లో ‘లాఫింగ్ పోలీస్‌మ్యాన్’ పాడాడు. ఆ వరుస ఛాయ మన నాటకాల మీదుగా సినిమాలోకి చేరిందని పరిశీలకులు గుర్తించారు. ‘మాయాబజార్’ సంగీత దర్శకుడు ఘంటసాల. వరుస ఎక్కడిదైనా, మాధవపెద్ది సత్యం గొంతులోని ఆ అట్టహాసం విన్న తెలుగువాడికి లండన్ పోలీసు గుర్తుకు రాడు. పెళ్లివారి వంటకాలే కళ్లముందు ఉంటాయి.

చట్టం

‘మాయాబజార్’ విడుదలైన ఏడాదే భారత కాపీరైట్ చట్టం వచ్చింది. మొదట్లో అది రాతలో ఉన్న సంగీతాన్నే సంగీత రచనగా చూసింది. హార్మోనియం మీద బాణీ కట్టి నోటితో నేర్పే మనవాళ్లకు ఆ నిర్వచనం అతకలేదు. 1994 సవరణ స్వరలిపి షరతు తీసేసింది. ఈలోగా 1977లో సుప్రీంకోర్టు, వేరే ఒప్పందం లేకపోతే సినిమా సంగీతంపై హక్కు నిర్మాతదేనంది. 2012 సవరణ స్వరకర్తలకూ రచయితలకూ రాయల్టీలో వాటా ఖాయం చేసింది. రాగం ఎవరి సొత్తూ కాదు. ఇన్ని స్వరాల దాకా కాపీ చేయొచ్చన్న నమ్మకం పరిశ్రమలో బలంగా ఉన్నా, చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు.

ఈ వ్యవహారం బాలు గడపకూ వచ్చింది. ఒకప్పుడు బాలు లైట్ మ్యూజిక్ బృందంలో వాయించిన సంగీత దర్శకుడు ఇళయరాజా, 2017 మార్చిలో అనుమతి లేకుండా తన పాటలు కచేరీల్లో పాడొద్దని నోటీసు పంపారు. అమెరికా పర్యటన మధ్యలో ఉన్న బాలు ఆ పాటలు ఆపేశారు. 2019 జూన్‌లో చెన్నైలో జరిగిన ఇళయరాజా కచేరీలో మళ్లీ అందుకున్నారు.