శుక్రవారం పరుగు దారి: మత్రా నుంచి మస్కట్ కోటల దాకా

మస్కట్ అనగానే మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేవి మూడే: ఎయిర్‌పోర్టు, క్యాంపు, సైటు. తెల్లవారకముందే బస్సెక్కుతాం, చీకటి పడ్డాక దిగుతాం. సెలవుకి ఇంటికి వెళ్లినప్పుడు "ఇన్నేళ్లు ఉన్నావు కదా నాన్నా, ఆ ఊరు ఎట్లుంటది?" అని పిల్లలు అడిగితే "ఎండ బాగా ఉంటది బిడ్డా" అని ఊరుకుంటాం. నిజానికి ఐదు వందల ఏళ్ల చరిత్ర మన రువీ బస్టాండుకి కూతవేటు దూరంలోనే ఉంది. దాన్ని చూడడానికి టికెట్ అక్కర్లేదు, కాళ్లుంటే చాలు.

మేము ఆఫీసుల్లో టైమ్ షీట్లు, గేట్ పాసులు రాసుకునే గుమస్తాలం. కూర్చుని కూర్చుని పొట్టలు పెరిగి, షుగరు భయం పట్టుకుని, కొందరం కలిసి శుక్రవారం పొద్దున మత్రా ఒడ్డున పరుగు మొదలుపెట్టాం. రోజంతా ఎండలో ఒళ్లు హూనం చేసుకునే అన్నలకి పరుగెందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మీరు పరుగెత్తనక్కర లేదు, నడవండి చాలు. మేము చెప్పదలచుకున్నది చెమట గురించి కాదు, ఆ దారి గురించి.

రెండు ఊళ్లు, మధ్యలో కొండ

అసలు మస్కట్ అంటే ఇప్పుడు మనం అనుకునేంత పెద్ద పట్టణం కాదు. సముద్రానికీ నల్లటి రాతి కొండలకీ మధ్య ఇరుక్కున్న చిన్న రేవు. రాజు, కోటలు, ఓడలు మస్కట్‌లో. వ్యాపారం, లోపలి ఊళ్ల నుంచి వచ్చే ఒంటెల బిడారులు పక్కనున్న మత్రాలో. రెంటికీ మధ్య కొండ అడ్డం. మత్రా నుంచి మస్కట్ వెళ్లాలంటే పడవెక్కాలి, లేదా రియామ్ మీదుగా కొండ కనుమ దాటాలి. సముద్రం అంచున ఇప్పుడు మనం చూసే కార్నిష్ రోడ్డు 1970 తర్వాత వచ్చిందే. ఆ సంవత్సరం జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కే నాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు సుమారు పది కిలోమీటర్లేనని చెబుతారు. అంతకుముందు చాలామందికి కాళ్లే, లేకపోతే గాడిదలు, ఒంటెలు.

మొదటి దారి: చేపల మార్కెట్ నుంచి రియామ్

ఇది చదునైన దారి, సుమారు రెండు కిలోమీటర్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే మంచిది. ఎడమ చేతి వైపు రేవు. 1974లో తెరిచిన ఈ సుల్తాన్ ఖాబూస్ పోర్టులో ఒకప్పుడు సరుకు ఓడలు బారులు తీరేవి. 2014లో సరుకు రవాణా సొహార్‌కి మారింది, ఇప్పుడు ఎక్కువగా టూరిస్టు ఓడలు వస్తాయి.

కుడి చేతి వైపు తెల్లటి పాత మేడలు వరుసగా కనిపిస్తాయి. వాటి వెనకాలే సూర్ అల్ లవాతియా అనే గోడకట్టు పేట ఉంది. ఇక్కడివారి పెద్దలు సింధు, కచ్ ప్రాంతాల నుంచి వచ్చినవారని చెబుతారు. ఇంట్లో మాట్లాడే భాష సింధీకి దగ్గరగా ఉంటుంది. తరతరాలుగా ఒమానీలుగానే ఉన్నారు. అది కుటుంబాల పేట కనుక గుమ్మం దాటి లోపలికి వెళ్లకండి, బయటి నుంచి చూస్తే చాలు. ఆ పక్కనే మత్రా సూక్. పైన కప్పు ఉండి సందులు చీకటిగా ఉండేవి కాబట్టి దీన్ని చీకటి బజారు అని పిలిచేవారు.

సూక్ దాటగానే కొండ మీద మత్రా కోట. పోర్చుగీసువాళ్లు కట్టింది. ఇంకాస్త ముందుకు వెళ్తే రియామ్ పార్కు, దాని పైన పెద్ద సాంబ్రాణి ధూపదాని ఆకారంలో కట్టడం. వెనక్కి తిరిగేవాళ్లు ఇక్కడ తిరగవచ్చు.

రెండో దారి: రియామ్ నుంచి జలాలీ, మీరానీ

ఇక్కడి నుంచి రోడ్డు ఎక్కుతుంది, ఊపిరి తీసుకుంటూ వెళ్లాలి. కొంత దూరం వెళ్లాక రోడ్డు మీదుగా కట్టిన మస్కట్ ద్వారం వస్తుంది. ఇది కొత్తది. పాత ఊరి ప్రహరీకి నిజమైన గుమ్మాలు ఇంకా లోపల ఉండేవి. వాటిలో పెద్దది బాబ్ అల్ కబీర్. 1970 దాకా సూర్యుడు అస్తమించిన మూడు గంటలకి మీరానీ కోట మీద ఫిరంగి పేల్చి ఆ గుమ్మాలు మూసేవారు. ఆ తర్వాత వీధిలో తిరిగే ప్రతి మనిషి చేతిలో లాంతరు ఉండాలి, ముఖం కనబడాలి.

ఊళ్లోకి దిగితే అల్ ఆలం ప్యాలెస్. దానికి రెండు పక్కలా సముద్రం మీద రెండు కోటలు, జలాలీ, మీరానీ. 1507లో అల్బుకెర్క్ అనే పోర్చుగీసు సేనాని ఈ ఊరిని తగలబెట్టి స్వాధీనం చేసుకున్నాడు. మన గోవా నుంచి హోర్ముజ్ దాకా సముద్ర వ్యాపారం తమ గుప్పిట్లో పెట్టుకోవాలని వాళ్ల ఎత్తు. 1552లోను, 1581లోను తురుష్కులు వచ్చి దాడి చేశారు. ఆ దెబ్బతో 1580ల చివర్లో పోర్చుగీసువాళ్లు ఈ రెండు కోటల్ని గట్టిగా కట్టుకున్నారు. 1650లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ వాళ్లని తరిమేశాడు. ఇందులో ఒక హిందూ వ్యాపారి పాత్ర గురించి ఒమానీ చరిత్రకారుడు ఇబ్న్ రజీక్ ఒక కథ రాశాడు. కోట అధికారి నరోత్తం అనే వ్యాపారి కూతుర్ని పెళ్లికి బలవంతం చేశాడట. ఆయన ఒప్పుకున్నట్టే నటించి, పాత ధాన్యం, పాత నీళ్లు, పాత మందుగుండు మార్చాలని చెప్పి కోట ఖాళీ చేయించి, ఇమాముకి కబురు పంపాడట. కథ సంగతి ఎలా ఉన్నా, భారతీయ వ్యాపారులు ఇక్కడ పాతకాపులన్నది మాత్రం నిజం. ప్యాలెస్ దగ్గరలోని శివాలయమే సాక్ష్యం. మనవాళ్ల సంబంధమూ లేకపోలేదు. గోల్కొండ కాలంలో మచిలీపట్నం నుంచి బట్టలతో ఓడలు ఈ సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్న బందర్ అబ్బాస్‌కి వచ్చేవి. బందర్ అంటే ఫార్సీలో రేవు. మచిలీపట్నాన్ని మనం బందరు అంటున్నది ఆ మాటతోనే.

రేవు చుట్టూ ఉన్న కొండ రాళ్ల మీద తెల్లటి అక్షరాలు కనిపిస్తాయి. ఇక్కడ ఆగిన ఓడల పేర్లవి. నావికులు రాతిని ఎక్కి రంగుతో రాసి వెళ్లారు. ఆ రాళ్ల ముందు మేము ప్రతిసారీ కాసేపు నిలబడతాం. వచ్చిన నావికుడి ఓడ పేరు మిగిలింది. ఈ రోడ్డు వేసిన కూలీల పేరు ఎక్కడా లేదు. వాళ్లలో ఒమానీలున్నారు, మనవాళ్లూ ఉన్నారు.

మూడో దారి: పాత కొండ బాట

రియామ్ పార్కు వెనక నుంచి కొండెక్కి మత్రాలో దిగే పాత బాట ఇది, సుమారు రెండున్నర కిలోమీటర్లు. రాళ్ల మీద రంగు గుర్తులు ఉంటాయి. పరుగు వద్దు, నడకే. ఒంటరిగా వెళ్లకండి, చెప్పులతో అసలే వద్దు. పూర్వం మూటలు మోసుకుని జనం నడిచిన దారి ఇలాంటిదే.

కొన్ని జాగ్రత్తలు

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట పని చేయించకూడదని ఇక్కడి చట్టం. పనికే వద్దన్న ఎండలో పరుగు ఎవరికీ పనికిరాదు. ఫజర్ నమాజు వేళకి మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. ఎండాకాలం కొండ బాట జోలికి పోకండి. రెండు బాటిళ్ల నీళ్లు, బతాకా దగ్గర పెట్టుకోండి. మోకాలు దాటిన బట్టలు వేసుకోండి. ప్యాలెస్ కాపలావాళ్ల ఫొటోలు తీయకండి. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు ముందు నిద్రపోండి, పరుగు వచ్చే వారం.

అన్నలారా, తమ్ముళ్లారా, ఒక్క శుక్రవారం తీరిక చేసుకుని నలుగురు కలిసి ఈ దారిన వెళ్లి రండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు జీతం పడిందా, ఆరోగ్యం ఎట్లుంది అన్న మాటలయ్యాక, జలాలీ కోట గురించి, లాంతరు పట్టుకుని తిరిగిన ఊరి గురించి పిల్లలకి రెండు మాటలు చెప్పండి. మన కష్టం వాళ్లకి ఎలాగూ తెలుసు. మనం ఉంటున్న చోటు కూడా వాళ్లకి తెలియాలని మా కోరిక.