విదేశ విద్యయు, ఇంటి ఋణమును

వానలు లేక వేరుసెనగ పైరు మాడిన యేటను బిడ్డల చదువునకై భూమిని తనఖా పెట్టిన తండ్రులు మన కదిరి సీమలో కలరు. అట్టివారు వినదగిన చరిత్ర యొకటి కలదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. తరువాత మదరాసు వైద్య కళాశాలలో చదివిరి. ఇంతలో సంగ్రహణి వ్యాధి వారి సోదరుల నిద్దరను బలిగొనెను.

1922లో వారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అందులకు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు ధనసహాయ మొనర్చిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున విద్యార్థివేతనము లభింపనందున, రాత్రులయందు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి జీవించుచు చదివిరి. 1930లో డాక్టరు పట్టము పొందిరి. 1945లో, లెడర్లీ పరిశోధనశాలలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిన సంగతి ప్రకటింపబడెను. సోదరులను మ్రింగిన సంగ్రహణికి అదియే యొక ఔషధమయ్యెను.

కాని వారు మరల స్వదేశము చూడలేదు. 1948లో అమెరికాలోనే మరణించిరి. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి.

లోకమునకు మందునిచ్చి దాతల ఋణమును తీర్చిరి. ఇంటివారి ఎదురుచూపు మాత్రము తీరలేదు. బిడ్డను దూరదేశము పంపు పెద్దలు రూకలతోపాటు దీనినిగూడ లెక్కింపవలెను.