షెల్టరు అరుగును దండగ అనకండి

మన ఊరి తుఫాను షెల్టరును పడగొట్టాలన్న మాట లేచిన దగ్గర్నించీ ఒక వాదన వింటున్నాను. 1990 మే తుఫానుకు తప్ప అది దేనికీ అక్కరకు రాలేదని, దండగ కట్టడమని. దివిసీమ ఉప్పెన గురించి ముందు రాసినవాళ్ళూ ఆ మాటకే ఊతమిచ్చారు. కట్టిన ఇళ్ళు, వచ్చిన విరాళాలు లెక్కగట్టి, అవే సీమను నిలబెట్టాయని తేల్చారు. మండలి వెంకట కృష్ణారావు గారి శ్రమను, ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తెచ్చిన సాయాన్ని నేను కాదనను. కానీ ఇళ్ళలోకి చేరిన మనుషుల మాటేమిటి?

1977 నవంబరు 19, కార్తీక శనివారం. దాదాపు 5 మీటర్ల కెరటం సొర్లగొంది, పాలకాయతిప్పల మీదుగా విరుచుకుపడింది. పోయినవాళ్ళు సుమారు 10,000 మంది అని సర్కారు లెక్క. కరకట్ట మీద ఏ పెద్దనడిగినా ఆ లెక్క ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. తుమ్మచెట్లు పట్టుకుని బతికినవాళ్ళకు ముళ్ళ గాయాలు మానాయి. గాలి హోరెత్తితే మాత్రం ఏళ్ళ తరవాత కూడా లేచి కూర్చునేవాళ్ళు. చేతిలోంచి జారిపోయిన బిడ్డ పేరు పిలిచేవాళ్ళు.

వాళ్ళకు మందెవరిచ్చారు? జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైందే 1982లో. విపత్తు బాధితుల మనసు సంగతి మన దేశపు వైద్యులు గట్టిగా పట్టించుకున్నది 1984 భోపాల్ తరవాతే. మన ఊళ్ళో ఆ పని చేసింది షెల్టరు అరుగు. పొద్దువాలితే పల్లెపాలెం ఆడవాళ్ళు, రామాలయం వీధివాళ్ళు అక్కడికే చేరేవారు. ఒకే కథను రోజూ చెప్పుకునేవారు. "ఇక చాల్లే అక్కా" అని ఎవరూ అనలేదు. బిడ్డల్ని పోగొట్టుకున్నామె తల్లిలేని పిల్లలకు ముద్దలు కలిపి పెట్టింది. వాళ్ళు ఆమెను అమ్మా అనే పిలిచారు. ఆలి పోయినవాడికీ మగడు పోయినామెకూ పెద్దలు ముడివేసిందీ ఆ అరుగు మీదే. వాటిని తొందరపాటు మనువులని చిన్నచూపు చూసినవాళ్ళు, ఖాళీ ఇంట్లో ఒంటరిగా రాత్రి గడపడం ఎలా ఉంటుందో ఎరగరు.

అందరూ కోలుకున్నారని నేననను. అయినవాళ్ళెవరూ మిగలక పరాయి ఊళ్ళకు కూలికి పోయినవాళ్ళలో కొందరు చివరిదాకా మనుషుల్లో కలవలేకపోయారు. నా వాదనకు వాళ్ళ బతుకులే బలం. అక్కడ వాళ్ళకు పరామర్శలు దొరికాయి గానీ, పోయిన బిడ్డను ఎరిగిన మనిషి దొరకలేదు.

పంచాయతీ పెద్దలకు నా విన్నపం ఇదీ. స్లాబు పెచ్చులూడుతోంది, పడగొట్టండి, తప్పులేదు. ఆ స్థలాన్ని మాత్రం కొట్లకు ఇవ్వకండి. నలుగురు కూర్చునే అరుగు మళ్ళీ కట్టండి. దాని మీద ఉప్పెనలో పోయిన మన ఊరివాళ్ళ పేర్లు ఇంటింటి వరసన చెక్కించండి. ఆ పేర్లు నోటికి చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళుండగానే ఈ పని కావాలి.