అందాజు నుండి హందసా వరకు: కట్టడపు బాధ్యత ఎవరిది?

గోడకు ఎంత రాయి పడుతుందని అడిగితే మన మేస్త్రీ 'అందాజుగా' ఇంత అని చెబుతాడు. ఈ మాటకు మూలం కొలత అనే అర్థం గల పారశీక పదం 'అందాజా'. అరబ్బులు దానినే 'హందసా'గా మార్చుకొని రేఖాగణితానికి వాడారు. దాని నుండే ఇంజనీరుకు 'ముహందిస్' అనే పేరు వచ్చింది. ఒకే మూలం తెలుగులో ఉజ్జాయింపు అయింది, అరబ్బీలో శాస్త్రమయింది.

అయితే శాస్త్రం మన సీమకు కొత్త కాదు. ధర్మవరం వంటి ఊళ్లకు చెరువు కట్టే ప్రాణం. ఆ కట్టలు నిలిచే సూత్రాలను పొరుగున ఉన్న కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం (క్రీ.శ. 1369) వివరించింది. చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను పేర్కొన్నది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, నిర్మాణంలో ఆరితేరిన పనివారు ఆ అంగాలలోని వారే. వేయిమంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు పని సాగిందని కూడా చెప్పింది.

ఆ తరువాత ఎనిమిదేళ్లకు, 1377లో, ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో గృహనిర్మాణ వృత్తికి ఒక ప్రకరణం కేటాయించాడు. గోడ ఒరిగిందని ఇరుగుపొరుగులు తగవులాడినప్పుడు అధికారులు ఈ వృత్తి నిపుణుల అభిప్రాయం అడుగుతారని వ్రాశాడు. నిపుణుని మాట తీర్పుకు ఆధారమవుతుందన్నమాట.

ఇక రాతి కట్టడాలను చూద్దాము. రాయి నొక్కుడును బాగా ఓర్చుకొంటుంది, వంగుడును ఓర్చుకోదు. అందుకే హిందూపురం సమీపంలోని లేపాక్షి మండపంలో స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపారు. అక్కడ ఒక స్తంభం అడుగు పూర్తిగా నేలను తాకకపోయినా కప్పు నిలిచే ఉన్నది. దూలాల ద్వారా భారాన్ని తక్కిన స్తంభాలు పంచుకొన్నాయి. పెనుకొండ గగనమహలులోని కమానులది వేరు పద్ధతి. కమాను రాళ్లను ఒకదానికొకటి నొక్కుకొనేటట్లు చేసి, భారాన్ని పక్కలకు నెడుతుంది. ఆ నెట్టుడును మందపు గోడలు ఆపుతాయి. అదే భవనంపై ఆలయ శిఖరాన్ని పోలిన గోపురమున్నది. విద్యకు మతభేదం లేదనడానికి ఇంతకన్న సాక్ష్యమేల?

ఈ విద్య ప్రత్యేక వృత్తిగా సంఘటితమయినది ఇటీవలనే. 1908లో లండనులో కాంక్రీటు సంస్థగా పుట్టిన సంఘం 1922లో నిర్మాణ ఇంజనీర్ల సంస్థగా పేరు మార్చుకొన్నది. ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ (1929–1982) గొట్టపు చట్రం వంటి నిర్మాణ పద్ధతితో షికాగోలో ఆకాశహర్మ్యాలు నిలిపి ఈ వృత్తికి కీర్తి తెచ్చాడు.

కాని 2001 జనవరి 26న కచ్ భూకంపం వచ్చినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో బహుళ అంతస్తుల ఇండ్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తును వాహనాల కొరకు ఖాళీగా వదలి స్తంభాలపై నిలిపారు. భూకంప నిబంధనల గ్రంథం దేశంలో 1962 నుండే ఉన్నది. లోపించినది గ్రంథం కాదు, దానిని పాటించి జవాబు చెప్పుకొనే మనిషి.

నేడు కంప్యూటరు క్షణంలో లెక్క కడుతుంది. లెక్క సులువైన కొద్దీ సంతకం బరువెక్కుతుంది. హిందూపురంలో లేచే కొత్త మేడకైనా, పెనుకొండలో శిథిలమవుతున్న పాత గోడకైనా అందాజు చాలదు. ఇది నిలుస్తుందని పూచీపడే ముహందిస్ కావాలి. ఈ వృత్తి భవిష్యత్తు ఆ పూచీలోనే ఉన్నది.