ఖులా నుంచి కోర్టు వరకు: ఇస్లామిక్ కుటుంబ చట్టంలో స్త్రీ సమ్మతి

ఇస్లామిక్ కుటుంబ చట్టంలో నిఖా, అంటే వివాహం, ఒక ఒప్పందం. దాన్ని ముగించే మార్గాలూ మొదటి నుంచి ఆ చట్టంలోనే ఉన్నాయి. భర్త ఇచ్చేది తలాక్. భార్య కోరి, పెళ్లిలో భర్త నుంచి తనకు దక్కే మెహర్ వదులుకుని విడిపోతే ఖులా. న్యాయాధికారి అయిన ఖాజీ రద్దు చేస్తే ఫస్ఖ్. ఖులాకు ఖురాన్ రెండో అధ్యాయంలోని 229వ వాక్యం ఆధారం. సాబిత్ బిన్ ఖైస్ భార్య, భర్త నడవడిలో తప్పు లేకపోయినా అతనితో కాపురం చేయలేనని ప్రవక్తకు చెప్పింది. మెహర్‌గా పొందిన తోటను తిరిగి ఇప్పించి ప్రవక్త ఆమెను విడిపించారని బుఖారీ హదీసు సంకలనం చెబుతుంది. విడిపోయాక మళ్లీ పెళ్లికి ముందు స్త్రీ ఆగాల్సిన గడువు ఇద్దత్. అది సాధారణంగా మూడు రుతుకాలాలు, గర్భిణికైతే ప్రసవం దాకా. బిడ్డకు పాలు మాన్పించాలంటే తల్లీతండ్రీ సంప్రదించుకుని, ఇద్దరికీ సమ్మతమైతేనే చేయాలన్నది అదే అధ్యాయంలోని 233వ వాక్యంలోని నియమం.

తర్వాతి శతాబ్దాల్లో ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాలు భార్య హక్కులను వేర్వేరుగా వ్యాఖ్యానించాయి. గర్భం రాకుండా భర్త పాటించే 'అజ్ల్'కు భార్య అనుమతి ఉండాలని హనఫీ, మాలికీ, హంబలీ పండితుల్లో అధికులు అన్నారు. సంతానం పొందే హక్కు ఆమెకూ ఉందన్నది వారి వాదన. 1111లో మరణించిన పండితుడు గజాలీ, ప్రసవంలో భార్య ప్రాణానికి ముప్పు ఉంటుందన్న భయాన్నీ గర్భనిరోధానికి తగిన కారణంగానే ఎంచాడు. గర్భస్రావం విషయంలో మాలికీలు కఠినంగా ఉన్నారు. సరైన కారణం ఉంటే 120 రోజుల లోపు చేయవచ్చని హనఫీల్లో పలువురు అంగీకరించారు.

విడాకుల విషయంలో మాత్రం దారి ఇరుకైంది. ఖులాకూ భర్త ఒప్పుకోవాలన్న అభిప్రాయం బలపడింది. కనిపించకుండా పోయిన భర్త కోసం హనఫీ స్త్రీ దాదాపు జీవితాంతం ఎదురుచూడాల్సి వచ్చేది. మాలికీ సంప్రదాయంలో ఆ గడువు నాలుగేళ్లే. వేరే దారి లేక వలస పాలనలోని భారత్‌లో కొందరు స్త్రీలు నిఖా రద్దు కావడం కోసం మతాన్నే వదిలారు. ఇది గమనించిన మత పండితుడు అష్రఫ్ అలీ థానవీ 1930లలో మాలికీ నియమాల సాయంతో పరిష్కారం సూచించాడు. ఆ కృషి 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టానికి దారితీసింది. భర్త నాలుగేళ్లు కనబడకపోయినా, రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా, క్రూరంగా హింసించినా భార్య కోర్టుకు వెళ్లవచ్చని ఆ చట్టం చెప్పింది. మతం వదిలినంత మాత్రాన వివాహం రద్దు కాదని కూడా తేల్చింది.

స్వతంత్ర దేశాలు మరింత ముందుకు వెళ్లాయి. ట్యునీషియా 1956లో బహుభార్యత్వాన్ని నిషేధించి, విడాకులను భార్యాభర్తలిద్దరికీ కోర్టు ద్వారానే అందించింది. 1973లో మొదటి మూడు నెలల లోపు గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది. భర్త ఒప్పుకోకపోయినా కోర్టు ఖులా ఇవ్వవచ్చని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో ఖుర్షీద్ బీబీ కేసులో తీర్పునిచ్చింది. ఈజిప్టు 2000లో అదే హక్కును చట్టంగా చేసింది. భారత సుప్రీంకోర్టు 2017లో ఏకకాలపు మూడు తలాక్‌లను కొట్టివేసింది. పార్లమెంటు 2019లో దాన్ని నేరంగా ప్రకటించింది.

ఖులాకు భర్త సమ్మతి అక్కర్లేదని కేరళ హైకోర్టు 2021లోనూ, తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లోనూ స్పష్టం చేశాయి. మత నియమాలపై అభిప్రాయం చెప్పే ముఫ్తీ ఇచ్చే ఖులా పత్రం (ఖులానామా) సలహా మాత్రమేనని తెలంగాణ తీర్పు చెప్పింది. మూలగ్రంథం స్త్రీకి ఇచ్చిన నిర్ణయాధికారాన్ని ఆచారం భర్త అంగీకారానికి కట్టేసింది. దాదాపు నూరేళ్లుగా సాగుతున్న సంస్కరణ ఆ కట్టును విప్పుతోంది.