హద్దుల్లో ఉన్నంత మాత్రాన సరైన అంకెనా?

ఒక మనిషి ఎత్తు 1,675 మిల్లీమీటర్లు. గుమాస్తా దాన్ని 6,175 అని రాశాడనుకోండి, మీరు చూడగానే పట్టుకుంటారు. మరి 1,765 అని రాస్తే? పెద్దల ఎత్తులకు 1,300, 2,000 అని హద్దులు పెట్టినా ఈ తప్పు లోపలే దాక్కుంటుంది.

కంప్యూటర్లు రాకముందే కలకత్తాలో (నేటి కోల్‌కతా) ఈ చిక్కు ఎదురైంది. 1931లో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, రిస్లీ 1891లో ప్రచురించిన బెంగాలు కులాల, తెగల శరీర కొలతలను ఉన్నవి ఉన్నట్టు వాడుకోలేదు. ముందు వాటిని తిరగదోడి, ఆ పరిశీలనను 1933లో ‘సంఖ్య’ పత్రికలో ప్రకటించారు.

1955లో ఆ సంస్థకు ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎం వచ్చింది. మన దేశంలో తొలి డిజిటల్ కంప్యూటరు అదే. దాని జ్ఞాపకశక్తి అంతా తిరిగే డ్రమ్ము మీద 1,024 పదాలు! ఆ తరం యంత్రాలను ‘ఈ రెండింటి మధ్య ఉందా?’ అని నేరుగా అడగలేం. సంఖ్యలోంచి కింది హద్దు తీసివేయాలి. మైనస్ వస్తే తప్పు. పై హద్దులోంచి సంఖ్యను తీసివేసి మళ్ళీ గుర్తు చూడాలి. వంద సంఖ్యలుంటే వాటి కనిష్ఠం, గరిష్ఠం చూస్తే చాలు. కాని తప్పు ఏ కార్డులో ఉందో తెలియాలంటే ఒక్కొక్కటీ చూడక తప్పదు.

ఈ రెండు మెట్లు తర్వాత కూడా పోలేదు. సి భాషలో 1300 < ఎత్తు < 2000 అని బడిలో రాసినట్టే రాసి చూడండి. మొదటి పోలిక ఫలితం 0 లేదా 1. అది 2000 కంటే ఎప్పుడూ తక్కువే. మన 6,175 దర్జాగా దాటిపోతుంది.

ఒకే మనిషికి అనేక కొలతలున్నప్పుడు అసలు కష్టం. తల పొడవు 170, వెడల్పు 160 మిల్లీమీటర్లు. విడివిడిగా రెండూ ఉండదగినవే. ఒకే తలకంటే మాత్రం అనుమానించాలి. కొలతల మధ్య సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే ‘దూరం’ సూత్రాన్ని మహలనోబిస్ 1936లో ప్రకటించారు. ఆయన ఉద్దేశం జనసమూహాల తేడాలు కొలవడం. తర్వాతివారు దానితోనే అసాధారణమైన నమోదులనూ వెదుకుతున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ సంస్థకు వెళ్ళిన సి.ఆర్. రావు, మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి సంయుక్త రాష్ట్రాల ప్రజల కొలతల విశ్లేషణను 1949లో ప్రచురించారు. అటువంటి సర్వేలో 2,010 మిల్లీమీటర్ల మనిషి నిజంగానే ఎదురయ్యాడనుకోండి. హద్దు దాటాడని కొట్టివేస్తే సగటు తగ్గుతుంది, ఆ మనిషి లెక్కలోంచి మాయమవుతాడు. అందుకే ప్రోగ్రాములో ‘తీసివేయి’ అని కాక ‘పక్కన పెట్టు’ అని రాయండి. ఆ కార్డు పట్టుకొని మళ్ళీ అతని ఊరికి పోవలసి వచ్చినా సరే.