ఒక్కో చదరం, ఒక్కో పేరు

బొంత ఎరగని ఇల్లు మనలో ఉండదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ముడత పడకుండా లాగి, తలో మూలా కూర్చుని కుట్టుకొస్తాం. దానికి చోటు కావాలి, అందరికీ ఒకేసారి తీరికా కావాలి. ఈ ఏడాది మా కుట్టు గ్రూపులకు ఆ రెండూ కుదరలేదు. అందుకని ఎవరింట్లో వాళ్లు ఒక్కో చదరం పూర్తిగా కుట్టి తెస్తే, ఆఫీసులో అన్నీ కలిపి దుప్పటి చేద్దామనుకున్నాం. ఇది మేం కనిపెట్టిన పద్ధతి కాదు. దీనికి నూటయాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

అమెరికా ఈశాన్య భాగంలో, ముఖ్యంగా మెయిన్ రాష్ట్రంలో, ఆడవాళ్లు ఇలా కుట్టేవారు. పైగుడ్డ, నడుమ దూది, అడుగుగుడ్డ: మూడు పొరలూ కలిపి చిన్న చదరంగా కుట్టి, చుట్టూ అంచుపట్టీ వేసి ముగించేవారు. వేడి గిన్నె దించే మసిగుడ్డలా ఉంటుంది కాబట్టి, ఇలాంటి దుప్పట్లను ఇప్పుడు అక్కడ 'పాట్‌హోల్డర్' దుప్పట్లు అంటున్నారు. పెద్ద చట్రం అక్కర్లేదు. పొయ్యి దగ్గరైనా ఒళ్లో పెట్టుకుని కుట్టుకోవచ్చు.

1861లో అక్కడ ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం వచ్చింది. దాని మూలం బానిసత్వం. అదే ఏడాది జూన్‌లో గాయపడ్డ సైనికుల కోసం ఉత్తరాదిలో శానిటరీ కమిషన్ ఏర్పడింది. ఆసుపత్రి మంచాలకు పట్టే దుప్పట్లు కావలసి వచ్చాయి. ఊరూరా ఆడవాళ్లు కుట్టి పంపారు. తలో చదరం కుడితే దుప్పటి త్వరగా తయారయ్యేది.

1863లో మెయిన్‌లోని అగస్టా పట్నంలో సుసానా పులెన్ అనే ఆమె, తన దగ్గర చదువుకునే ఆడపిల్లలతో అలాంటి దుప్పటి ఒకటి కుట్టించింది. చదరాల మీద సిరాతో పేర్లూ మంచి మాటలూ రాశారు. సైనికులు ఉత్తరం రాస్తే జవాబిస్తామని కూడా రాశారు. ఆసుపత్రి నుంచి నిజంగానే ఉత్తరాలు వచ్చాయి. ఆ దుప్పటి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం వారి దగ్గర భద్రంగా ఉంది.

ఇక కలపడం. రెండు చదరాల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, ముందు మూలలకు, తర్వాత నడుమ పిన్నులు పెట్టాలి. రెండు అంచుపట్టీలనూ చుట్టుకుంటూ దగ్గర దగ్గరగా చేతికుట్టు వేయాలి. సూది పట్టీలోంచే పోవాలి. చదరాలు వరుసగా కలిపాక, వరుసకు వరుస కలపాలి.

మేం పొరబడింది ఇక్కడే. 12 అంగుళాల గుడ్డ కత్తిరించి ఇచ్చాం. కుట్టు పడేకొద్దీ గుడ్డ లోపలికి లాగుకుంటుందని చెప్పలేదు. దగ్గర కుట్లు వేసిన ముగ్గురి చదరాలు అర అంగుళం తగ్గాయి. "కొలత రాలేదు" అని వాళ్ల కూలి ఆపేశాం. చివరికి వాళ్లలో ఒకామె అడిగింది: "నా కుట్టు ఊడిందా అక్కా, మీ లెక్క తప్పిందా?" మాకు నోట మాట రాలేదు. ఎక్కువ పని చేసిన చేతికే తక్కువ ఇచ్చాం.

ముగ్గురికీ కూలి ఇచ్చేశాం. ఆ చదరాలకు వెడల్పు పట్టీ వేస్తే సరిగ్గా అమరాయి. ఇకమీదట గుడ్డ ఒక అంగుళం పెంచి ఇస్తాం, కుట్టు అయ్యాకే చుట్టూ సరిచేసి పట్టీ వేయిస్తాం. ఎవరు కుట్టిన చదరం వెనక వాళ్ల పేరు దారంతో కుట్టిస్తాం. రాయడం రాని అక్కలకు పక్కనున్నవాళ్లు సుద్దతో గీసిస్తారు. ఆ గీత మీద సూది నడపడం మాత్రం వాళ్ల చేతే.